టేపు ఆ కొస

మా ఇంటికి పర్మిషన్ ఒక సోమవారం సాయంత్రం, టీ చల్లారేలోపు వచ్చింది. కోతలు కోయడం లేదు. 2020లో తెలంగాణ తెచ్చుకున్న టీఎస్ బీపాస్ చట్టం అలాంటిది. 75 గజాల లోపు జాగాలో గ్రౌండూ, పైన ఒక అంతస్తూ వేసుకునేవాడికి పర్మిషనే అక్కర్లేదు. ఒక్క రూపాయి కట్టి పేరు రాయించుకుంటే చాలు. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు దాటకుండా కట్టేవాడు తన సర్టిఫికెట్ తానే రాసుకుంటే అప్పటికప్పుడు అనుమతి. నాది 150 గజాలు. నేను అబద్ధమాడనని నేనే సంతకం పెట్టాను, కంప్యూటర్ నమ్మేసింది. ఇదే ఇంటికి లోను అడిగితే బ్యాంకు మేనేజరు ఇద్దరు జామీనుదారులను తెమ్మన్నాడు.

కాకపోతే ఆ సోమవారం రావడానికి నాలుగున్నరేళ్లు పట్టింది.

నేను కొన్న రోజుల్లో అది ఊరు కాదు, పత్తిచేను. ఆసామి సున్నంతో గీతలు గీసి, రాళ్లు పాతి, పంచాయతీ లేఅవుట్ అన్నాడు. కొన్నాళ్లకు పంచాయతీ వెళ్లి మున్సిపాలిటీలో కలిసింది. ఆ సున్నం గీతలు అక్రమమని నాకు అప్పుడు తెలిసింది. 2020లో అక్రమ లేఅవుట్లను సక్రమం చేసే ఎల్ఆర్ఎస్ అన్నారు, వెయ్యి రూపాయలు కట్టాను. నాలాంటివాళ్లు రాష్ట్రంలో 25 లక్షలకు పైగా తేలారు. ఆపైన ఉలుకూ లేదు, పలుకూ లేదు. 2025లో ఉన్నట్టుండి, మార్చి 31 లోపు ఫీజు కడితే 25 శాతం రాయితీ అన్నారు, ఆషాఢం సేల్లో చీరలకు ఇచ్చినట్టు. తగ్గింపు అన్నాక కొనేదేమిటో ఎవరు చూస్తారు? నా జాగా నేనే మళ్లీ కొనుక్కుని, పావు వంతు మిగిలిందని ఇంట్లో గొప్పగా చెప్పాను.

ఇక గల్లీ సంగతి. మా గల్లీ 20 అడుగులు. రూలు 30 అడుగులు కావాలంటుంది. అంచేత నా ముందు భాగంలో అయిదడుగులు రోడ్డుకు రాసివ్వాలి. 30 అడుగుల వెడల్పు జాగా కాబట్టి పదహారు గజాల పైచిలుకు పోయింది. నా ఇంటి ముందు మాత్రమే రోడ్డు పెద్దదైంది. అటూ ఇటూ పాత ఇళ్లు, వాటి ర్యాంపులు ఎప్పటిలాగే రోడ్డు మీదికి కాళ్లు చాపుకుని ఉన్నాయి. ప్రజల సౌకర్యార్థం నేను దానమిచ్చిన ఆ గూట్లో పక్కింటాయన మర్నాడే కారు పెట్టాడు. సరిగ్గా పట్టింది.

మిగిలిన దాంట్లో ముందు మీటరున్నర, తక్కిన మూడు దిక్కులా మీటరు చొప్పున ఖాళీ వదలాల్సిన సెట్‌బ్యాక్. 1350 చదరపు అడుగులకు రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాడికి ఇల్లు వేసుకోవడానికి దాదాపు 740 మిగిలింది.

ప్లాన్ గీసే కుర్రాడి ఆఫీసు మున్సిపాలిటీకి ఎదురుగా, జిరాక్స్ సెంటర్ పైన. "రెండు ప్లాన్లు సార్. ఒకటి ఆన్‌లైన్‌ది, ఒకటి కట్టేది" అన్నాడు, సింగిల్ చాయా డబుల్ చాయా అన్నంత మామూలుగా. ఆన్‌లైన్ ఇల్లు చూసి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. చుట్టూ ఖాళీ, నాలుగు గుండ్రటి చెట్లు, ఇంకుడు గుంత, గేటు లోపల ఒదిగిన కారు. నాకు కారు లేదు. ఆ ఇంట్లో ఉండాలని ఎంతగానో అనిపించింది, కానీ దాన్ని కట్టే ఉద్దేశం మా ఇద్దరిలో ఎవరికీ లేదు. అబద్ధం రాసినట్టు తేలితే నోటీసు లేకుండా కూల్చవచ్చన్న ముక్క అతనికి పైకి చదివి వినిపించాను.

"అది అందరికీ ఉంటది సార్" అన్నాడు.

మూడో ప్లాన్ వాస్తు సిద్ధాంతిది. ఆయన తూర్పున, ఉత్తరాన ఎక్కువ ఖాళీ వదలమన్నాడు. రూలు ప్రకారం మీటరు వదలమంటే గొణుక్కున్న మా ఇంటిల్లిపాదీ, ఈశాన్యం అనేసరికి నాలుగడుగులకు తలూపారు. ఈ టౌన్‌ప్లానింగ్ బాధ్యతేదో సిద్ధాంతులకే అప్పగిస్తే రాష్ట్రంలో సెట్‌బ్యాక్ తగ్గిన ఇల్లు ఉండదు, కనీసం రెండు దిక్కుల.

చివరికి నిలబడింది మేస్త్రి ప్లాన్. దాన్ని చిరిగిన సిమెంటు సంచి మీద బొగ్గుతో గీశాడు. "మెట్లు లోపల పెడితే హాలు పోతది సారు. బయట పెడితే ఏం పోతది? గాలి. గాలి పక్కోళ్ల దిక్కుకెల్లి రాదా?"

మెట్లు పడమటి సెట్‌బ్యాక్‌లోకి వెళ్లాయి.

అనుమతి కంప్యూటర్ ఇస్తే ఇచ్చింది గానీ, మనం ఇల్లు కడుతున్నామని ఊరికి చాటేది ఇసుక కుప్ప. ట్రాక్టరు తిరగేసిన గంటలో గణపతి చందా వాళ్లు వచ్చారు, వినాయక చవితి ఇంకా మూడు నెలలుంది. తర్వాత బోరు బండి వాడు, కరెంటు మీటరు ఇప్పిస్తానన్నవాడు. పదో రోజున టీవీఎస్ బండి మీద మున్సిపాలిటీ కొలతల చైన్‌మన్ దిగాడు. పర్మిషన్ కాగితం చూపించబోతే చేత్తోనే వారించాడు.

"కాగితం మంచిగనే ఉంటది సార్. టేపు ఆ కొస జర పట్టుకోండ్రి."

పట్టుకున్నాను. నా తప్పును నేనే ఒక కొస పట్టుకుని, గోడకు ఆనించి, బిగువుగా లాగి మరీ చూపించాను. మెట్ల దగ్గర రెండడుగుల మూడంగుళాలు. ఆయన తల పంకించాడు. పుస్తకం తీయలేదు, పెన్ను తీయలేదు. టేపు సర్రున డబ్బాలోకి పోయింది. బండి దాకా నడిచి, కుప్పలోంచి గుప్పెడు ఇసుక తీసి అరచేతిలో రాసి చూశాడు.

"మన్ను లేదు. ఏ వాగుది సార్?"

చెప్పాను.

"మాది గూడ బేస్‌మెంట్ నడుస్తున్నది" అన్నాడు, బండి స్టార్ట్ చేస్తూ.