తిథి చూసుకోని బరాజ్

కొత్త ముచ్చట మొదలైంది. అమావాస్య నాడు మనసులోకి తొంగి చూసుకోవాలట. పున్నమి దాటాక అక్కర్లేనివి వదిలేయాలట. వెన్నెల పెరిగే రోజుల్లో కుండీల్లో విత్తనాలు నాటాలట. దీనికి ఫోన్లో యాప్‌లు కూడా ఉన్నాయి. ఆకాశంలో ఊరికే కనబడేవాణ్ని చూడ్డానికి యాప్ ఎందుకో!

జనగామ ఆడబిడ్డలకు ఈ పాఠం చెబితే నవ్వుతారు. పెత్రామాస నాడు ఎంగిలిపూలతో మొదలుపెట్టి, తొమ్మిదో నాటికి తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను నిలువెత్తు పేర్చి, చెరువులో వదిలి, సద్దులు పంచుకుని ఇంటికొస్తారు. ఏ యాప్‌కూ చందా కట్టరు.

మహబూబాబాద్ రైతు విత్తేందుకు చూసేది మృగశిర కార్తె. అది సూర్యుడి లెక్క. చంద్రుణ్ని తీరిగ్గా చూసింది 2025 వానాకాలంలో, యూరియా కోసం రాత్రిళ్లు వరుస కట్టినప్పుడు. ఆత్మపరిశీలనకు అంతకన్నా మంచి చోటు దొరుకుతుందా?

ఇక భూపాలపల్లి. చంద్రుడు పెరిగే పక్షంలో దేన్నీ వదలకూడదని కదా కొత్త గురువుల మాట! 2023 అక్టోబరు 21, శుక్లపక్ష సప్తమి, తెల్లారితే సద్దుల బతుకమ్మ. ఆ సాయంత్రమే మేడిగడ్డ బరాజ్ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. నిల్వ చేసిన నీళ్లు గోదావరి పాలు చేశారు. తిథి చూసుకోలేదు పాపం!

అప్పట్నుంచి ఎన్ని అమావాస్యలు పోయాయో మీరే లెక్కపెట్టండి. నాయకుల వేలు మాత్రం ఇంకా అవతలి పార్టీ వైపే ఉంది.