పిలవకుండా వచ్చిన గంగమ్మను పంపేయకండి

మా సీమలో వెయ్యడుగుల బోరు వేస్తే తెల్లదుమ్ము లేస్తుంది. అప్పు మిగులుతుంది. అలాంటి చోట ఎవరూ పిలవకుండా, పూజ చేయకుండా, టెంకాయ కొట్టకుండా పడవ మోటరు గేర్‌కేసులోకి నీళ్లు వాటంతట అవే వచ్చి చేరుతుంటే దాన్ని లీకు అని ఈసడించుకునే మనుషులున్నారు. గండికోట రిజర్వాయరు సామర్థ్యం 26.85 టీఎంసీలు. దాని కింద మైలవరం ఉంది, కర్నూలు వైపు శ్రీశైలం వెనుక జలాలున్నాయి. ఇంత నీటి మీద తిరగడానికి ఎవరైనా సెకండ్‌హ్యాండులో పాత జాన్సన్ మోటరో, ఎవిన్‌రూడ్ మోటరో తెచ్చుకుని ఉంటే ఈ సలహాలు వాళ్లకోసమే.

మొదట ఒక ధైర్యం చెప్పాలి. మోటరు పాతదైతే దిగులు వద్దు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఈ మోటర్లను అమ్మడం మొదలుపెట్టాడు. తెడ్డు వేసుకుంటూ సరస్సు దాటేలోపు కాబోయే భార్య కోసం కొన్న ఐస్‌క్రీము కరిగిపోయిందనీ, ఆ కోపంలోనే మోటరు ఆలోచన పుట్టిందనీ చెప్పుకుంటారు. మే నెలలో జమ్మలమడుగు ఎండ చూసి ఉంటే ఆ ప్రయత్నమే మానుకునేవాడు. 2020లో ఆ పేరుతో మోటర్ల తయారీ ఆగిపోయింది. కాబట్టి అసలు పార్టు ఎక్కడ దొరుకుతుందని వెతుక్కుంటూ కూర్చోకండి. ఉన్నదాంతోనే పాడుచేసుకోవచ్చు.

గేర్‌కేసు అంటే నీళ్లలో మునిగి ఉండే కింది బుర్ర. నిలువు షాఫ్టు చివర చిన్న పళ్లచక్రం, దానికి అటూ ఇటూ ముందుకీ వెనక్కీ నడిపే గేర్లు, వాటి చుట్టూ కాస్త ఆయిలు. చిన్న మోటర్లకు అరలీటరు కూడా పట్టదు. నీళ్లు దూరడానికి దారులు మాత్రం ధారాళం. ప్రొపెల్లరు షాఫ్టు దగ్గర, నీళ్ల పంపు కింద నిలువు షాఫ్టు దగ్గర, గేరు మార్చే కడ్డీ దగ్గర సీళ్లు ఉంటాయి. ఆయిలు పోసే మర, గాలి మర దగ్గర వాషర్లు. ఇన్ని ద్వారాలు పెట్టినవాడికి నీళ్ల మీద అంత కోపం ఉంటుందా?

ఇక పరీక్ష. పుస్తకాలు చదివినవాళ్లు మోటరును రాత్రంతా కదపకుండా నిలబెట్టి పొద్దున్నే కింది మర కొద్దిగా వదులు చేయమంటారు. నీళ్లు ఆయిలు కన్నా బరువు కదా, అడుగున పేరుకుంటాయి, ముందు అవే చుక్కలుగా దిగుతాయి. ఇది కోరి కష్టాలు తెచ్చుకోవడం. పడవ ఒడ్డుకు రాగానే, గేర్లు బాగా చిలికిన వేడిమీదే మర విప్పండి. అప్పుడు నీళ్లూ ఆయిలూ కలిసిపోయి ఉంటాయి, ఎవరు ఎవరో తెలియదు. మైలవరం ఒడ్డున ఒక కుర్రాడు అలాగే విప్పి, అరచేతిలో పట్టుకుని, "ఏంది మామా, టీ మాదిరి వస్తాండాది?" అన్నాడు. "పాలు ఎక్కువైనాయి లేరా" అని మర బిగించాడు మామ. మెకానిక్ అంటే అలా ఉండాలి.

చలి దేశాల్లో ఆ నీళ్లు గడ్డకట్టి కేసునే పగలగొడతాయట. మనకా బెంగ లేదు. ఇక్కడ బేరింగులు, గేరు పళ్లు తుప్పు పడతాయి, అంతే. తుప్పు నెమ్మదస్తురాలు, ఈ సీజను దాటించేస్తుంది.

సీమ రైతుకు మోటర్ల గురించి ఒకరు చెప్పేదేముంది? బావి మీది పంపుకు గ్లాండు తాడు చుట్టి పెట్టినప్పుడు చుక్క చుక్క కారితేనే మంచిది, మరీ బిగిస్తే షాఫ్టు కాలిపోతుందని పసిపిల్లాడికీ తెలుసు. అదే సూత్రం పడవకూ వర్తింపజేయండి. ఇక్కడ ఉన్నది గ్లాండు తాడు కాదు, రబ్బరు పెదవి ఉన్న ఆయిల్ సీలు, ఇది ఒక్క చుక్క కూడా కారకూడదు అని ఎవరైనా వాదిస్తే, మీకెన్ని ఎకరాలున్నాయని అడగండి. ఆ మాటతో సగం వాదనలు సద్దుమణుగుతాయి.

ప్రొపెల్లరును ఎప్పుడూ ఊడదీయవద్దు. రిజర్వాయరులో చేపల వలలుంటాయి, తెగిన నైలాన్ దారం నీళ్లలో తేలుతుంటుంది. అది ప్రొపెల్లరు వెనక షాఫ్టుకు చుట్టుకుని, తిరిగే కొద్దీ బిగుసుకుని, సీలు పెదవిని కోసేస్తుంది. అప్పుడప్పుడూ ప్రొపెల్లరు తీసి దారం ఉందేమో చూడమంటారు జాగ్రత్తపరులు. నైలాన్ దారం ఊరికే దొరికిందనుకోండి, అదే గ్లాండు తాడుగా పనిచేస్తుందని నమ్మండి.

మరల విషయం కొంచెం లోతుగా చెప్పాలి. పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ కేసుల్లో కొన్నింటికి రెండు గీత మరలతో పాటు ఒక ప్లస్ మర ఉంటుంది. గీత మరలు ఆయిలుకు. ప్లస్ మర లోపల గేరు మార్చే మీటను పట్టి ఉంచేది. అది తీస్తే లోపలి సామాను జారిపోతుంది, కేసు మొత్తం విప్పితే గానీ మళ్లీ కుదరదు. అందుకే ముందు దాన్నే విప్పండి. చేతిలో ప్లస్ టెస్టరు ఉన్నప్పుడు ప్లస్ మరను వదిలిపెడతామా? గీత మరల కింద వాషర్లు విప్పినప్పుడల్లా కొత్తవి వేయాలి. పది రూపాయల వాషరు కోసం బజారుకు ఎవరు పోతారు? పాతదాన్నే తిరగేసి వేసి, పైన సబ్బు రుద్దండి. బస్సు డీజిలు ట్యాంకు కారితే సబ్బు రుద్దే కదా ఊరు చేరతారు.

లీకు ఎక్కడో కనిపెట్టడానికి గాలి పరీక్ష ఒకటుంది. ఆయిలు తీసేసి, ఒక మర రంధ్రానికి గేజీ ఉన్న చేతిపంపు తగిలించి, పది పీఎస్‌ఐ దాకా కొట్టి, కేసును టబ్బులో ముంచితే బుడగలు ఎక్కణ్ణుంచి వస్తే అక్కడే జబ్బు. పంచరు షాపులో ట్యూబుకు చేసే పనే. ఆ తర్వాత గాలిని బయటికి లాగి కూడా చూడమంటారు. తిరిగి తిరిగి వేడెక్కిన కేసు చల్లారితే లోపలి గాలి ముడుచుకుని బయటి నీటిని లాక్కుంటుంది, లోపలి ఒత్తిడికి నిలిచిన పెదవి ఆ లాగుడుకు నిలవకపోవచ్చునని వాళ్ల వాదన. ఇంత ఓపిక మనకెక్కడిది? లారీ టైర్లకు గాలి కొట్టే షాపుకు తీసుకుపోయి నూరు దాటించి కొట్టించండి. కారుతున్న సీలుతో పాటు కారని సీళ్లు కూడా ఊడి వస్తాయి, ఏది చెడిందో వెతికే బాధ తప్పుతుంది.

కొత్త సీలు వేయక తప్పకపోతే ప్రొద్దుటూరులో ఏ బేరింగుల షాపులోనైనా అడగండి. అమెరికా మోటరు కాబట్టి కొలతలు అంగుళాల్లో ఉంటాయి. షాఫ్టు అంగుళం అయితే 25.4 మిల్లీమీటర్లు. షాపులో 25 ఉంటుంది. మిల్లీమీటరులో ఆ నాలుగు పదో వంతులు ఎవరి కంట పడతాయి? సుత్తితో దింపండి. పాత సీలు పెదవి ఆనిన చోట షాఫ్టు మీద గాడి పడి ఉంటుంది, గోరు పెట్టి చూడండి, గోరు తగిలితే కొత్త సీలు కూడా నిలవదంటారు. గోళ్లు కత్తిరించుకోండి, తగలదు.

ప్రొపెల్లరు షాఫ్టుకు రెండు సీళ్లు వీపూ వీపూ ఆనించి వేస్తారు. ఒకటి లోపలి ఆయిలును ఆపడానికి, ఒకటి బయటి నీటిని ఆపడానికి. నన్నడిగితే ఇది దుబారా. ఆయిలు డబ్బు పెట్టి కొనాలి, నీళ్లు రిజర్వాయరువి. రెండు పెదవులూ ఆయిలు వైపే తిప్పి వేయండి.

చివరిగా ఆయిలు. కింది రంధ్రం నుంచి ఎక్కిస్తూ పై రంధ్రంలో కనిపించేదాకా పోయాలని, అలా అయితేనే లోపలి గాలి బయటికి పోతుందని కంపెనీవాళ్లు రాస్తారు. కిందినుంచి పైకి పోయడం మన సంప్రదాయం కాదు. పైనుంచే పోయండి. రెండు చెంచాలు పట్టగానే పొంగి ఒలుకుతుంది, అంటే నిండినట్టే. ఆయిలు కూడా ప్రత్యేకంగా కొనక్కర్లేదు. లారీ క్రౌను నుంచి తీసి పారేసే నల్ల ఆయిలు ఊరికే ఇస్తారు. దానికి చాలా అనుభవం ఉంటుంది.

ఇవన్నీ చేశాక నడినీళ్లలో గేర్లు పట్టేస్తే కంగారు పడకుండా పుట్టివాళ్లను కేకేయండి. పుట్టికి గేర్లుండవు, కాబట్టి కారవు. ఒడ్డుకు చేరాక మోటరుకు రంగు వేసి అమ్మకానికి పెట్టండి. కొనేవాడు వచ్చే పొద్దున కొత్త నైంటీ గేరు ఆయిలు పోసి, మర తీసి చూపించండి, తేనె రంగులో మెరుస్తుంది. వచ్చినవాడు చేతిపంపు, గేజీ, టబ్బు వెంట తెచ్చుకుని ఉంటే మాత్రం మోటరు అమ్మడం లేదని, ఊరికే రంగు వేసుకుంటున్నామని చెప్పి, టీ తాగించి పంపేయండి.