పటిక నక్షత్రము

గుంటూరులో మా మేడమీద కాపురముండెడి ఉపాధ్యాయ దంపతులు, క్రిస్మసు పాటల అభ్యాసమునకై చర్చికి పోవుచు, “ఒక్క గంట కనిపెట్టుకొని ఉండండి బాబాయిగారూ” అని తమ సంతానమును నాకు అప్పగించి పోయిన సాయంకాలమున, పదేండ్ల బాలికయు ఏడేండ్ల బాలుడును ఆ గంటలో నా యింటి నేమి చేయగలరో ఊహించునంతటి దూరదృష్టి నాకు లేకపోయెను. దూరదృష్టి మాట యటుండగా, నా చత్వారపు కళ్ళజోడుపై బాలుడు అప్పటికే కూర్చుండెను.

లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో 1825 మొదలుకొని క్రిస్మసు దినములలో బాలబాలికలకు శాస్త్రోపన్యాసము లేర్పడిన వనియు, కమ్మరి యింట పుట్టి, పుస్తకములకు బైండు కట్టుట నేర్చి, తుదకు విద్యుచ్ఛాస్త్రమునకు మహర్షియైన మైకేల్ ఫారడే పందొమ్మిది సంవత్సరములు ఆ వేదిక నెక్కి, 1860లో కడపటి పర్యాయము కేవల మొక క్రొవ్వొత్తిని పట్టుకొని ఆరుపన్యాసములు చెప్పెననియు నేనెన్నడో చదివియుంటిని. ఒక్క క్రొవ్వొత్తితో పిల్లల నారు మారులు కూర్చుండబెట్టినవాడు విద్యుత్తు జోలికి పోకున్నను మహాత్ముడే యని నా యభిప్రాయము.

కావున క్రొవ్వొత్తితోడనే ఆరంభించితిని. వెలుగుచున్న వత్తిని ఉఫ్ఫున ఊది, పైకి లేచు తెల్లని పొగకు, వత్తికి అంగుళము ఎడముగా, అగ్గిపుల్లను చూపగా, జ్వాల ఆ పొగవెంట దిగివచ్చి వత్తిని మరల వెలిగించెను. మండునది ముఖ్యముగా వత్తి కాదనియు, అది పీల్చగా ఆవిరియైన మైనమనియు నేను వివరింపబోవునంతలో బాలిక “మళ్ళీ” అనెను. ఆ మాట ఎనిమిది మారులు వినబడినపిమ్మట అగ్గిపెట్టె నిండుకొనెను. నా వివరణము మాత్రము మొదటి వాక్యముననే నిలిచియుండెను.

పిదప గోలీసోడా తెప్పించి, గాజుగ్లాసులో పోసి, నాలుగు కిస్మిసు పండ్లు వైచితిని. అవి తొలుత మునిగి, ముడుతలనిండ బొగ్గుపులుసు వాయువు బుడగలు పట్టగా పైకి తేలి, పైన బుడగలు పగులగనే మరల మునిగి, మరల లేచి నాట్యమాడుచుండగా, పదవి యూదగా పైకెక్కి, గాలి పోగానే క్రిందికి దిగివచ్చు మా పురపాలక సభ్యులు నాకు తలపునకు వచ్చిరి. బాలునకు రాజకీయము పట్టలేదు. “నా కడుపులో కూడా ఆడతాయా తాతగారూ?” అని యడిగి, ప్రత్యుత్తరమునకు వేచియుండక సోడాను కిస్మిసును లోనికి పంపి, నాలుగు పండ్లతో శాస్త్రము తేలదని నిశ్చయించి, తల్లి కేకునకై ఎత్తిపెట్టిన పొట్లమును మేడమీదినుండి తెచ్చి ప్రయోగమును విస్తరింపజేసెను. ఫలితము: ఒక త్రేనుపు.

ఇక మిగిలినది పటిక. వీధిగుమ్మమునకు దిష్టికై కట్టవలెనని మా యావిడ కొనితెచ్చిన గడ్డను దంచి, మరగిన నీటిలో కరగినంత కరగించి, ఉన్నిదారముతో కట్టిన ఆరు కొమ్మల చుక్కను అందులో వ్రేలాడదీసితిని. వేడినీరు మోయగలిగిన పటికను చల్లారిన నీరు మోయజాలదు గనుక, తెల్లవారునప్పటికి దారమంతయు స్ఫటికములు పేరుకొని తళతళలాడుచుండెను. బాలిక నా కళ్ళజోడున మిగిలిన ఒంటి అద్దమును భూతద్దముగా పట్టి చూచి, “మంచుకు ఆరు కోణాలని మా పుస్తకంలో ఉంది. వీటికి ఎనిమిది ముఖాలున్నాయేం?” అనెను. రంపపుపొట్టు చల్లిన ఐసుదిమ్మను తప్ప మంచు నెఱుగని గుంటూరువాడను నేనేమి చెప్పుదును? పటిక స్వభావము పటికది, మంచు స్వభావము మంచుది యంటిని. అది నిజమే గాని, బాలిక నన్ను చూచిన చూపులో గౌరవము కనబడలేదు.

“దిష్టికి తెచ్చిన పటిక ఏదండీ?” అని అప్పుడే మా యావిడ వంటింటినుండి కేకవేసెను. స్ఫటికమైనదని సవినయముగా మనవిచేసికొంటిని.

ఆ నక్షత్రము మా వీధిగుమ్మమున వ్రేలాడుచున్నది. మేడమీదివారు దానిని బేత్లెహేము చుక్క యందురు. మా యావిడ దిష్టిపటిక యనును. ఆ యేటి కేకులో కిస్మిసు లేదు.