ఎలుకపంటి గాటు (టీకాతాత్పర్య సహితం)

అవతారిక: ఈ పద్యంలోని మాట ఆళ్లగడ్డలోని ఒక మెకానిక్కుది, ఛందస్సు నాది. ఆయన అన్నది ఇంతే: "సెన్సారేం పాపం చేసింది సార్? ముందు వైరు చూడల్ల." అప్పటికి రెండువారాలుగా కారు మీద నా చేతిచమురు వదులుతూ ఉంది. ఇంత విలువైన మాట వచనంలో ఉండిపోతే మళ్లీ మరిచిపోతానని ఆటవెలదిలో బిగించాను. వ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు.

మూలం:

పసుపు దీప మొకటి బండిలో వెలిగిన
మార్చబోకు మునుపె మంచి చెవిని
తీగ చూడుమయ్య తెగెనేమొ మధ్యలో
ఎలుక పంటి గాటు నెఱుగ వలయు

ప్రతిపదార్థం: అయ్య = ఓ కారు యజమానీ! (జేబు బరువుగల కస్టమరూ అని కొందరు); బండిలో = పన్నెండేళ్ల పెట్రోలు కారులో; పసుపు దీపము ఒకటి = ఇంజను బొమ్మగల దీపం; వెలిగినన్ = వెలిగినంత మాత్రాన; మునుపె = మల్టీమీటరు బయటికి తీయకముందే; మంచి చెవిని = ఏ దోషమూ ఎరుగని నాక్ సెన్సారును; మార్చన్ పోకు = మార్చే పనికి పోవద్దు; మధ్యలో = సెన్సారుకూ ఇంజను కంప్యూటరుకూ నడుమ; తీగ తెగెన్ ఏమొ = వైరు తెగిందేమో; చూడుము = మీటరుతో చూడు; ఎలుక పంటి గాటున్ = మూషికదంతక్షతాన్ని; ఎఱుగవలయున్ = పోల్చుకోగలగాలి.

టీక: "పసుపు దీపము". ఎరుపు కాదు గనుక సాధారణంగా బండి వెంటనే ఆపనక్కరలేదని భావం. నంద్యాలలో స్కానరు పెడితే పీ0325 అన్న కోడ్ వచ్చింది. నంద్యాల కృష్ణరాజుకు కళాపూర్ణోదయం అంకితమిచ్చిన పింగళి సూరనే రాఘవపాండవీయంలో రామకథనూ భారతకథనూ ఒకే పద్యంలో నడిపినవాడు. నేను నంద్యాలవాణ్ణి గనుక నాకు ప్రతిదీ ద్వ్యర్థిగానే తోస్తుంది. ఇంజను కొట్టుకుంటోందని ఒక అర్థం, సెన్సారు చచ్చిందని ఇంకో అర్థం తీశాను. రెండూ తప్పే. ఆ కోడ్‌కు ఉన్నది ఒకటే అర్థం: మొదటి నాక్ సెన్సారు సర్క్యూట్ బాగాలేదు. సర్క్యూట్ అంటే సెన్సారు, కప్లరు, తీగలు, కంప్యూటరు, అన్నీ కలిపి. తప్పు ఎవరిదో అది చెప్పదు, ఏ వీధిలో జరిగిందో చెబుతుంది.

"చెవి". రూపకం. ఇంజను బ్లాకుకు బోల్టుతో బిగించిన సెన్సారులో చిన్న స్ఫటికం ఉంటుంది. నొక్కితే విద్యుత్తు పుట్టే ఆ గుణాన్ని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. సిలిండరులో స్పార్కు పడ్డాక మంట ఒక వైపు నుంచి వ్యాపిస్తూ రావాలి. వేడి ఎక్కువైనా, పెట్రోలు నాసిరకమైనా, ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేరులోనే బండిని ఈడ్చినా, మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. ఆ దెబ్బకు బ్లాకంతా ఖంగుమంటుంది. ఇంజను కొట్టుకోవడం (నాక్) అంటే ఇదే. చాలా ఇంజన్లలో అది సెకనుకు 6,000 నుంచి 7,000 కంపనాల దాపున మోగుతుంది. సెన్సారు దాన్ని మిల్లీవోల్టుల్లోకి మార్చి కంప్యూటరుకు పంపితే, కంప్యూటరు స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది. ధ్వనికావ్యానికి ఎవరు సహృదయులో గాని, బండిలో మాత్రం ధ్వనికి సహృదయుడు ఇతడొక్కడే.

ఇతడి నుంచి కబురు రాకపోతే కంప్యూటరు భయపడి, దేనికైనా మంచిదని స్పార్కును ముందే వెనక్కి జరిపి కూర్చుంటుంది. అందుకే పికప్ పోతుంది, మైలేజీ పడిపోతుంది. (డీజిల్ బండ్లవారు ఈ టీక చదవనక్కరలేదు. తనంతట తాను అంటుకోవడమే వారి ఇంజను ధర్మం.)

పాఠాంతరం: నంద్యాల ప్రతిలో "మార్చబోకు" అన్నచోట "మార్చవలయు" అని ఉంది. గణాలు సరిపోయాయి, బండికే సరిపోలేదు. ఆ పాఠాన్ని నమ్మి కొత్త సెన్సారు వేయించాను. కోడ్ చెరిపాక దీపం ఆరింది. ఆళ్లగడ్డకు బయలుదేరితే శిరివెళ్ల దాటీదాటకముందే మళ్లీ వెలిగింది. కనుక ఇది విడిభాగాల కొట్టువారు చేర్చిన ప్రక్షిప్తమని నా నిర్ణయం.

ఆక్షేపం: ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే ఇదంతా అని కొందరు. సమాధానం: ఇథనాల్ ఆక్టేన్‌ను పెంచుతుంది, అంటే ఈ కొట్టుకోవడాన్ని తగ్గించే పక్షమే. దానిమీద వేరే ఫిర్యాదులు ఉంటే ఉండవచ్చు గాని, వైరు కొరికే పళ్లు దానికి లేవు.

"తీగ చూడుము". ఇక్కడే కవి ప్రతిభ. ఆళ్లగడ్డ మెకానిక్కు బ్యాటరీ తీసేసి, రెండువైపుల కప్లర్లూ ఊడదీసి, ఒక్కొక్క తీగకూ ఈ కొసన ఆ కొసన మీటరు పెట్టాడు. ఒక తీగ సున్నా దగ్గర నిలిచింది. రెండోది ఎంతకీ పలకలేదు. తరువాత నా డ్యాష్‌బోర్డు పెట్టెలోని పాత సెన్సారును ఇనుప బల్లకు బోల్టుతో బిగించి, మీటరును ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, పక్కన పానాతో టకటకమని తట్టాడు. అంకెలు ఎగిరాయి. "వింటాండాది సార్" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆళ్లగడ్డలో రాయిని తట్టి వినడం కొత్త కాదు. అక్కడి శిల్పులు ఉలి పెట్టకముందే రాతిని తట్టి, పలికే నాదాన్ని బట్టి లోపల పగులుందో లేదో చెబుతారు. శిల్పశాస్త్రం నాదాన్ని బట్టే శిలను పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విడదీసింది. ఆ ఊరి మెకానిక్కు తట్టకుండా తీర్పు చెప్పకపోవడంలో నాకు వింత కనిపించలేదు.

"ఎలుక పంటి గాటు". వేడి ఇంజను మీద పడుకోవడం ఎలుకకు సుఖం. మా కారుషెడ్డులో కోతలయ్యాక సోనామసూరి బస్తాలు వేశాం. తిండి పక్కనే, పడక పైనే. సిగ్నలు తీగ చుట్టూ, పక్క వైర్ల గోల చొరబడకుండా, ఎర్త్‌కు కలిసే అల్లికతొడుగు ఒకటి ఉంటుంది. ఎలుక దాన్నీ వదల్లేదు. ఆయన తీగను సోల్డరు చేసి, పైన గొట్టం తొడిగి, ఆ అల్లికను కూడా మళ్లీ కలిపాడు. ఇది చేయనివాడు సగం పనివాడు.

పోతూపోతూ నంద్యాల పనిలో ఇంకో దోషం పట్టాడు: కొత్త సెన్సారు కింద వాషరు వేశారు. వేయరాదు. చెవి బ్లాకుకు నేరుగా ఆనాలి. బోల్టు బిగువు కూడా కంపెనీ పుస్తకం చెప్పినంతే, చాలా బండ్లకు సుమారు 20 న్యూటన్ మీటర్లు. అతిగా బిగిస్తే చెవుడు.

తాత్పర్యం: ఓ యజమానీ, దీపం వెలిగింది కదా అని సెన్సారు మార్చకు, తీగ చూసుకో.

తిరుగుదారిలో నంద్యాల చేరేదాకా దీపం వెలగలేదు, తరువాత కూడా వెలగలేదు. పాత సెన్సారు నా దగ్గరే ఉంది, బాగా వింటుంది. కావలసినవారు వచ్చి ఉచితంగా తీసుకుపోవచ్చు, తీగకు మీటరు పెట్టి చూశాకే రండి.