కాలు విరిగినవాని వడ్డీ: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

కాలు విరిగినవానికి కలిగె వడ్డి
దాని పదియవ వంతును తరిగి పట్టి
మిగులు ధనమును కోర్టున మెల్లనుంచె
బీమ సంస్థకు దయ యెంత పెద్దదయ్య!

అవతారిక: రోడ్డు ప్రమాదంలో కాలో చెయ్యో పోయినవాడికి మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ పరిహారం ఇప్పిస్తుంది. దాని మీద వడ్డీ కూడా కట్టమంటుంది. ఆ వడ్డీలో ఆదాయపన్ను కింద టీడీఎస్ పట్టుకుని బీమా కంపెనీ మిగతాది జమచేసిన ఘట్టమిది. కవి పేరు తెలియదు. కోర్టు వరండాలో బెంచీ దొరక్క నిలబడ్డవాడని మాత్రం శైలి చెబుతోంది.

ప్రతిపదార్థం: కాలు విరిగినవానికి = కాలు విరిగిందని రుజువు చేసుకున్నవానికి. విరగడం క్షణంలో అయిపోతుంది, రుజువుకే ఏళ్లు పడతాయి. మెడికల్ బోర్డు నలభై శాతం వైకల్యమని రాసిస్తే, అది కాలికి నలభై, ఒళ్లంతా లెక్కేస్తే పదిహేనే అని కంపెనీ వకీలు లేస్తాడు. ఈ శాతాల జగడంలో చూడవలసింది సంపాదన ఎంత పోయిందన్నదేనని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎడమచెయ్యి పోతే డ్రైవరుకీ వడ్రంగికీ సంపాదన దాదాపు పూర్తిగా పోవచ్చు, సర్కారీ గుమస్తాకి మాత్రం ఉద్యోగం నిలవవచ్చు అని ఉదాహరణ కూడా ఇచ్చింది. మన పద్యంలోని వాడి వృత్తి ఏమిటో కవి చెప్పలేదు. ఆటో తోలేవాడని నా ఊహ. గుమస్తా అయితే నాలుగో పాదంలో అంత కడుపుమంట ఉండదు.

కలిగె = తనంతట తానే పుట్టెను. తల్లి పరిహారం, తండ్రి ఆలస్యం.

దాని పదియవ వంతును = వడ్డీలో నూటికి పది రూపాయలను. పాన్ కార్డు లేనివాడు ‘దాని యైదవ వంతును’ అని చదువుకోవాలి. గణాలు సరిపోతాయి, యతీ చెడదు. భంగమంతా వాడికే.

ఆక్షేపం: ఏడాదికి యాభై వేలు దాటని వడ్డీకి ఈ కోత లేదు గదా, పేదవాడి వడ్డీ అంత ఎక్కడ దాటుతుంది?

సమాధానం: ఆక్షేపకుడు లెక్కల మాస్టారు కాడు. ఆరు లక్షల పరిహారానికి ఏడున్నర శాతం చొప్పున ఏడాదికి 45,000. హద్దు లోపలే ఉంది. కేసు ఆరేళ్లు నడిచింది. ఆరేళ్లదీ కలిపి 2,70,000 ఒక్కరోజున వచ్చింది. ఏ ఏడు ముడితే ఆ ఏటి రాబడే అంటుంది చట్టం. కోత 27,000. పాన్ లేకపోతే 54,000. ఏటేటా ముట్టజెప్పి ఉంటే ఒక్క పైసా కోత పడేది కాదు. ముట్టజెప్పనిది ఒకరు, పన్ను కట్టింది ఇంకొకరు.

మిగులు ధనమును కోర్టున = వాడి చేతిలో గాక కోర్టు ఖాతాలో.

మెల్లన = ఇది యతి కోసం పడిన మాట అని కొందరంటారు. నేనొప్పుకోను. పద్యానికి ప్రాణం ఇదే. శాతం మీద కొన్ని వాయిదాలు, డ్రైవరు లైసెన్సు మీద కొన్ని, పాలసీ ఆ తేదీకి అమల్లో ఉందా లేదా అని మరికొన్ని, ఆపైన హైకోర్టులో అప్పీలు. ఇంతసేపు కూర్చోబెట్టినందుకు ఇచ్చిన వడ్డీని పట్టుకుని, కూర్చున్నవాడు సంపాదించాడంది శాస్త్రం.

ఉంచె = ఉంచెను. ఎవరు? పద్యంలో కర్త లేడు. ‘జమచేయబడినది’ అనే కంపెనీ ఉత్తరంలోనూ ఉండడు. కనుక దోషం కాదు, స్వభావోక్తి.

తాత్పర్యం: కాలు పోయినవాడికి డబ్బు ఆలస్యంగా వచ్చింది. ఆలస్యానికి పన్ను పడింది.

విశేషం: కేసు వేసిననాటి నుంచి తీర్పు దాకా వచ్చే వడ్డీ పరిహారంలో భాగమే, ఆదాయం కాదని 2019లో బాంబే హైకోర్టు తేల్చింది. అయినా ఈ కోత పెట్టమనే ఆదాయపన్ను చట్టపు 194ఎ సెక్షను అప్పటి పుస్తకంలో ఉంది. కోయవలసిన చోట కోయకపోతే ఆ పన్నుకు కంపెనీయే బాకీదారు. అందుచేత కత్తెర పట్టిన గుమస్తాని నేను పూర్తిగా తప్పుపట్టను. పోయింది తిరిగి రావాలంటే రిటర్ను వేయాలి. ఆటో తోలేవాడికి, పట్టిన పన్ను లెక్క చూపే ఫారం 26ఏఎస్‌ను పరిచయం చేసే భాగ్యం వీధి చివర నెట్ సెంటరు కుర్రాడిది.

పాఠాంతరం: 2026 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ఈ వడ్డీకి ఆదాయపన్ను ఉండదనీ, టీడీఎస్ ఎత్తివేస్తామనీ ప్రతిపాదించారు. సంతోషం. దాంతో రెండో పాదం ప్రక్షిప్తమై కొట్టివేతకు గురవుతుంది, మొదటి పాదంలోని వడ్డీ నేరుగా మూడో పాదంలోని ‘మెల్ల’కు తగులుకుంటుంది. ఆ మాటను ఇంతవరకు ఏ పరిష్కర్తా దిద్దలేదు.