విషాదం కావాలంటే మిట్టమధ్యాహ్నం బయల్దేరండి

నలుపు తెలుపు ఫొటో అనగానే మనవాళ్ళు డిసెంబరులో లంబసింగి బస్సెక్కుతారు. తెల్లవారుజాము, పొగమంచు, అందులో ఒక చెట్టు, కింద నాలుగు వాక్యాల కన్నీరు. నా మాట విని ఆ పొద్దున దుప్పటి ముసుగేసుకుని పడుకోండి. విషాదం తీయాల్సిన వేళ మధ్యాహ్నం పన్నెండు. ఆ వేళ కెమెరా బయటికే తీయొద్దని నేర్పేవాళ్ళంతా చెబుతారు. రంగుల ఫొటోకైతే ఆ మాట నిజమే.

పొగమంచు అన్ని రంగుల వెలుగునూ ఇంచుమించు ఒకేలా చెదరగొడుతుంది. ఏ ఫిల్టరు పెట్టినా దక్కేది బూడిద రంగే. నీలాకాశం అలా కాదు, ఎర్ర ఫిల్టరు నీలాన్ని ఆపేస్తుంది కాబట్టి పట్టపగలే ఆకాశం నల్లబడుతుంది. 1927 ఏప్రిల్‌లో అమెరికాలోని యోసెమిటీ లోయలో ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ చేసిందిదే. హాఫ్ డోమ్ కొండను ముందు పసుపు ఫిల్టరుతో తీశారు. తన మనసులో ఉన్న బరువు అందులోకి రాదనిపించింది. చేతిలో మిగిలిన ఒక్క ప్లేటునూ ముదురు ఎరుపు ఫిల్టరుతో తీశారు. ‘మోనోలిత్’ పేరుతో ప్రసిద్ధమైన ఆ ఫొటోలో ఎండ తగిలిన కొండ వెనక ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది.

మనకు మే నెల పనికిరాదు, దుమ్ముతో ఆకాశం పాలిపోతుంది. వానలు వెలిశాక, కార్తీకంలో వెళ్ళండి. ఆ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, మీరు ఉత్తరానికి తిరగండి. ఫోను చాలు. లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్ చేసి, రంగుల మిక్స్‌లో నీలాన్ని ఎడమకి చివరిదాకా లాగండి. తాటిచెట్టు వెనక ఆకాశం తారులా అవుతుంది. గింజలు గింజలుగా మచ్చలు తేలతాయి, ఆకుల అంచున సన్నటి తెల్ల గీత పడొచ్చు. తెలిసినవాళ్ళు వాటిని తుడిచేయమంటారు. తుడవకండి. ఆ గరుకుదనం పోతే మిగిలేది క్యాలెండరు బొమ్మ.

ఇక మాటలు. ఎక్కువ చెడిపోయేది ఇక్కడే. ఎండిన కాలవ, గట్టు మీద చింతచెట్టు ఉన్న ఫొటో కింద ‘నీ జ్ఞాపకాల ఎడారిలో ఒంటరి తరువునై’ అని రాస్తారు. చెట్టు ఒంటరిదని కళ్ళకు కనబడుతూనే ఉంది కదా! బొమ్మా మాటా కలిసి ఏడిస్తే చూసేవాడికి ఏడవడానికి ఏం మిగలదు. అందుకే రాసినదాంట్లో ఒంటరి, మౌనం, జ్ఞాపకం, నిశీథి అన్న మాటలు కొట్టేయండి. మిగిలింది ఏమీ లేకపోతే ఆ చెట్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళి, పక్కన బడ్డీకొట్టు ఉంటే అక్కడ అడగండి. ‘ఈ చెట్టు కింద బస్సు ఆగేది. రోడ్డు వెడల్పు చేశాక ఆగడం లేదు.’ అంతే రాయండి. ఇందులో కవిత్వం లేదనేవాళ్ళుంటారు, వాళ్ళతో నేను ఒప్పుకోను.

కవి కృష్ణశాస్త్రిగారి వాక్యాలు తెచ్చి అతికించడం మరీ అన్యాయం. ‘కృష్ణపక్షం’లోని దుఃఖం ఏ ఫొటో ఆసరా లేకుండా నిలబడ్డది. దాన్ని మీ అమావాస్య ఫొటో కింద పెడితే చిన్నబోయేది మీ ఫొటోనే.

ఫొటో, కవిత జోడు కుదిరిన పుస్తకం కావాలంటే 1979లో వచ్చిన ‘రిమెయిన్స్ ఆఫ్ ఎల్మెట్’ చూడండి. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు కాల్డర్ లోయ, మూతబడ్డ మిల్లులు, రాతి గోడలు, బీడు కొండలు. ఫొటోలు ఫే గాడ్విన్‌వి, కవితలు టెడ్ హ్యూస్‌వి. ఆ ఫొటోలే తనచేత కవితలు రాయించాయని హ్యూస్ చెప్పుకున్నారు. ఆయన పుట్టింది ఆ లోయలోనే. అక్కడి గోడ ఎవరు పేర్చారో, మిల్లులో ఎవరు పనిచేశారో ఆయనకు తెలుసు. ఊరు తెలియనివాడు మాట రాయకూడదన్నది నా పట్టుదల.

అక్షరాలను ఫొటో మీదకు ఎక్కించకండి. కష్టపడి నల్లబరిచిన ఆకాశాన్ని తెల్లక్షరాలతో నింపితే నీలం లాగినదంతా వృథా. పైగా మన ఒత్తులు ఆ గింజల్లో కలిసిపోయి ‘త’ ఒత్తో ‘న’ ఒత్తో తెలియదు. కింద, విడిగా, తెల్ల కాగితం మీద, వరుసకూ వరుసకూ మధ్య కాస్త ఎడంగా అచ్చు వేయించండి.

కొట్టేసిన కవితను మాత్రం పారేయకండి. ఫొటో లేకుండా, దాన్ని దానిగా, ఏదైనా పత్రికకు పంపండి.