పాలు, బెల్లం, తుప్పు మేకులు

‘పైసా ఖర్చు లేకుండా మీ గోడకి అందం’ అని వీడియోలు తీసేవాళ్లని నేను ఒక్కటే అడుగుతాను. పనికిరాని వస్తువంటే ఏమిటో, ఆ సంగతి ఎవరు తేల్చాలో ముందు చెప్పండి. మా ఇంట్లో ఆ తీర్పు మా ఆయన చేతిలో పడింది. కాగితం, పెన్సిలూ పట్టుకుని ఇల్లంతా సర్వే చేశారు. తేలిందేమిటయ్యా అంటే, ఇంట్లో పనికిరాని వస్తువులన్నీ నావేనట. నా మట్టిగాజులు, నా చాట, చారుపొడి పోసుకునే నా గాజుసీసా, నా పట్టుచీర జరీ అంచు. చీర బీరువాలో క్షేమంగా ఉంది, అంచు మాత్రం పనికిరానిదైపోయింది. ఆయన వైపు నుంచి ఒక్క చిరుగు బనీను కూడా ఎంపిక కాలేదు. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషిని కూడా ఆ జాబితాలో రాద్దామా అని నాకు అనిపించింది గానీ, మెడలో మంగళసూత్రం అడ్డొచ్చింది.

పైసా ఖర్చు లేదన్న మాట మాత్రం నిజమే. పైసలెక్కడున్నాయి, అన్నీ వందల నోట్లే. గాజుముక్కలు అతకడానికి ఫెవికాల్ డబ్బా, వాటి కిందకి ఎండీఎఫ్ చెక్క, చెక్కకి ప్రైమరు, ప్రైమరుకి బ్రష్షు, బ్రష్షు కడగడానికి టర్పెంటైను. గుజరాత్‌లో కచ్ వైపు ఆడవాళ్లు తమ గుండ్రటి ఇళ్ల గోడల మీద మట్టీ పేడా కలిపి తీగలు తీగలుగా మెత్తి, మధ్యలో అద్దంబిళ్లలు అదుముతారు. లిప్పన్ పని అంటారు దాన్ని. మట్టి ఊళ్లోది, పేడ దొడ్లోది. అదే పని మా హాల్లోకి వచ్చేసరికి మట్టి బదులు ఎం-సీల్ వచ్చింది, అద్దాలు ప్యాకెట్ల లెక్కన వచ్చాయి. ఆ డబ్బుకి బజారులో నిలువెత్తు వెంకటేశ్వరస్వామి ఫ్రేముతో సహా నడిచి వచ్చేవాడు.

వచ్చినా తగిలించేది ఎక్కడ? మాది అద్దె ఇల్లు. అద్దె నాలుగురోజులు ఆలస్యమైనా ఓనరుగారు సర్దుకుంటారు గానీ, గోడకి మేకు కొడితే సర్దుకోరు. అందుకని రెండువైపులా అంటుకునే టేపు తెచ్చారు. అది పగలంతా బుద్ధిగా ఉండి అర్ధరాత్రి ధబ్బుమంటుంది, గోడరంగు పెచ్చుని వెంటేసుకుని మరీ.

ఇవన్నీ చిల్లర బాధలు. అసలు బాధ కుండ.

శ్రీకాళహస్తి కలంకారీలో నల్లరంగు కొట్లో కొనేది కాదుట. బెల్లం, తాటిబెల్లం నీళ్లలో కలిపి, తుప్పుపట్టిన ఇనపముక్కలు పడేసి, వారాల తరబడి పులియబెట్టాలిట. ఈ మాట విన్న క్షణాన మా ఆయన ముఖం వెలిగిపోయింది. గోడకి కొట్టనివ్వని మేకులన్నీ కుండలోకి వెళ్లాయి. వాటి వెనకాలే నేను అరిసెలకని దాచుకున్న బెల్లం వెళ్లింది. కుండ బాల్కనీలో వెలిసింది. మొదట్లో శ్రీరామనవమి పందిట్లో కూర్చున్నట్టే ఉండేది వాసన. తర్వాత కల్లుపాకకి మారింది. ఆ తర్వాత వచ్చినదానికి మన భాషలో పేరు లేదు. చీమలొచ్చాయి, ఈగలొచ్చాయి, ఆఖరికి పక్కవాటా పిన్నిగారు వచ్చారు. గొంతు బాగా తగ్గించి, “అబ్బాయిగారు ఏమన్నా కాస్తున్నారా అమ్మా?” అన్నారు. పేపర్లో ‘బెల్లం ఊట ధ్వంసం’ అని వార్త కనిపిస్తే చాలు, నేను వెళ్లి బాల్కనీ తలుపు వేసి వచ్చేదాన్ని. కళ కోసం పులియబెట్టామంటే ఎక్సైజువాళ్లు నమ్ముతారా?

బొమ్మ వేసే గుడ్డ సంగతి ఇంకో కథ. కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో దాన్ని ముంచి ఆరబెట్టాలి. పాలలో కొవ్వుంటేనే గీసిన గీత పక్కకి పాకదుట, కరక్కాయ వగరు ఇనుముకి తగిలితేనే నలుపు తేలుతుందిట. ఆ లెక్కన కాఫీకి టోన్డు పాలు, గుడ్డకి చిక్కటి గేదెపాలు. కుండలో గరిట తిప్పుతూ (గరిట కూడా నాదే) “కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు, తెలుసా?” అన్నారు ఓ పొద్దున. “ఆయనకి బొమ్మలు వెయ్యడం వచ్చు కదండీ” అన్నాను. సాయంత్రం దాకా మాటల్లేవు. ఇల్లు హాయిగా ఉంది.

చివరికి వెదురుపుల్లకి గుడ్డపేలిక చుట్టి, దారం కట్టి, కలం చేసి హనుమంతుణ్ణి గీశారు. గీత పాకింది. తోకా సంజీవని కొండా ఒకటైపోయాయి. పాలవాడు నీళ్లు కలిపాడన్నారు. అద్దె కోసం వచ్చిన ఓనరుగారు టేపుతో అంటించిన ఆ గుడ్డని చాలాసేపు పరీక్షగా చూసి, “ఈ గోడకి చెమ్మ ఎప్పట్నించి దిగుతోందమ్మా?” అని అడిగారు.

ఇంత కడుపుమంట ఖర్చుకేనా అని ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది. పెళ్లికి ముందు మ్యాటీగుడ్డ మీద క్రాస్‌స్టిచ్‌తో జంట హంసల్ని కుట్టాను. నాన్న ఫ్రేము కట్టించి, పెళ్లిచూపులవాళ్లు కూర్చునే కుర్చీలకి సరిగ్గా ఎదురుగా తగిలించారు. వాళ్లు తలెత్తి చూడకపోతే అమ్మ దగ్గి మరీ చూపించేది. ఆ రోజుల్లో పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో ఒక హంసో, చిలకో, పూసల కృష్ణుడో గోడమీద డ్యూటీలో ఉండాల్సిందే. సంబంధం కుదిరితే దాని ఉద్యోగం అయిపోయినట్టే. నేను కాపురానికి వచ్చేశాను, హంసలు అక్కడే ఉండిపోయాయి. ఎప్పుడో సున్నాలు వేయించినప్పుడు తీశారట, మళ్లీ తగిలించలేదు. అత్తవారింట్లో సూది పట్టానంటే బొత్తాలు కుట్టడానికే. గోడమీద నా చేతిరాత ఉందంటే క్యాలెండరు గళ్లలోనే, పాలు రాని రోజులూ గ్యాస్‌బండ మార్చిన తేదీలూను. ఆయనకి దండవేసి, శాలువా కప్పి, కాగితం ఇచ్చి ఇంటికి పంపారు కాబట్టి గోడ కనిపించింది. నాకా కాగితం ఎవరివ్వాలో ఎవరికీ తెలియదు.

మొన్న కూరలకని వెళ్లి, ఫ్యాన్సీషాపులో మ్యాటీగుడ్డ ఉందా అని ఊరికే అడిగాను. ఉంది. రంగుదారాలు కూడా ఉన్నాయి. కొన్నాను. ఎంతయిందో ఇంట్లో చెప్పలేదు. చెబితే, ఆ డబ్బుకి గేదెపాలు ఎన్ని లీటర్లొస్తాయో లెక్క కడతారు.